గాలి సోకిందన్న చోట గాలి ఆడించిన డాక్టరమ్మ

మొన్న సోమవారం పొద్దున, తొమ్మిదో తరగతి గదిలో హాజరు పిలుస్తుండగా మా వదిన బాలమణి ఫోను చేసింది. పనివేళలో ఫోను చేసే మనిషి కాదామె. "సుజాతా, డాక్టరమ్మ పోయిందే. నిద్రలనే పోయిందట" అన్నది. ఏ డాక్టరమ్మ అని నేను అడగలేదు. పటాన్‌చెరు నుంచి గుమ్మడిదల దాకా ఫ్యాక్టరీలను నమ్ముకుని బతికే ఆడవాళ్ళకు డాక్టరమ్మ అంటే ఒక్కరే, డాక్టర్ సుభద్ర గారు. ఎనభై దాటిన వయసు, అలసిన గుండె. ఈ వార్త ఏదో ఒకనాడు వినవలసిందేనని బుద్ధికి తెలుసు. కానీ రక్తపోటు మాత్రలు మానేశానని ముందురోజు సాయంత్రమే నన్ను చీవాట్లు పెట్టిన ఆ కంఠస్వరం శాశ్వతంగా మౌనం వహించిందంటే మనసు ఒప్పుకోలేదు.

సుభద్ర గారిది గోదావరి జిల్లా. భర్త విశ్వనాథం గారికి ఇక్కడి ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉద్యోగం రావడంతో, కొత్త కాపురానికి రామచంద్రాపురం క్వార్టర్స్‌లో దిగారు. ప్రభుత్వ వైద్యురాలిగా సంగారెడ్డి చుట్టుపక్కల మండలాలన్నీ తిరిగారు. పదవీ విరమణ తరువాత పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని, చివరి వారం దాకా రోగులను చూశారు. తాను హేతువాదినని ఆవిడ ఎక్కడా బోర్డు కట్టుకోలేదు. "ఎందుకొచ్చింది?" అన్నది జ్వరానికైనా, పుకారుకైనా, ఆచారానికైనా ఆవిడ వేసే మొదటి ప్రశ్న. జవాబు చెప్పలేనివాళ్ళను చిన్నచూపు చూసేవారు కాదు. జవాబు తెలుసునని బుకాయించేవాళ్ళను మాత్రం వదిలేవారు కాదు.

విశ్వనాథం గారు పరమ నైష్ఠికులు. తెల్లవారుజామునే స్నానం, సంధ్యావందనం, అరగంట పూజ. నాస్తికురాలైన ఇల్లాలు, భక్తుడైన భర్త ఒకే కప్పు కింద ఎలా ఉంటారోనని క్వార్టర్స్‌లో చాలామందికి కుతూహలం. ఒకనాడు పూలకొట్టు దగ్గర మల్లెపూలు బేరమాడుతూ కనిపిస్తే, నేను ఉండబట్టలేక అడిగేశాను. "మీకు నమ్మకం లేదు కదమ్మా, పూలెందుకు?" ఆవిడ నవ్వారు. "ఆయన పూజకి మల్లెపూలే కావాలంటారు. బంతిపూలు తెస్తే ఆ రోజంతా మొహం ముడుచుకుని ఉంటారు. ఇది నమ్మకం కాదే పిచ్చిపిల్లా, కాపురం" అన్నారు. భర్త పోయిన తరువాత ఆ పూజాపీఠాన్ని ఆడపడుచుకు పంపిస్తూ, వెండి దీపపు కుందులను తానే తోమి, మెత్తని బట్టలో చుట్టి ఇచ్చారు. ఇతరుల విశ్వాసం పట్ల ఆవిడ గౌరవం అటువంటిది.

అయితే ఆ గౌరవానికి ఒక హద్దు ఉండేది. దేవుడు పూజగదిలో ఉన్నంతసేపు ఆవిడకు ఏ పేచీ లేదు. ఆయన పేరు చెప్పి పదిమందికి చెందిన చోటును ఎవరైనా తమ సొంతం చేసుకుంటే, ఆ మెత్తని మనిషి రాయిలా నిలబడేవారు. మా ఊళ్ళో పిల్లలకు టీకాలు వేసే కార్యక్రమం అప్పట్లో గుడి మండపంలో జరిగేది. నీడ ఉంటుంది, బల్లలు ఉంటాయి, మైకు ఉంటుంది. డాక్టరమ్మ వచ్చిన మొదటి నెలలోనే గమనించారు. దళితవాడ నుంచి ఒక్క తల్లీ రాలేదు, ముస్లిముల ఇళ్ళ నుంచీ ఎవరూ రాలేదు. మరుసటి నెల మందుల పెట్టెను బడి వరండాలోకి మార్పించారు. ఊరి పటేల్‌కు కోపం వచ్చింది.

"గుళ్ళె పెడితే తప్పేంది డాక్టరమ్మా? దేవుని సల్లని సూపు గూడ ఉంటది గదా పిల్లల మీద" అన్నాడు.

"ఆయన చూపు సంగతి నాకు తెలీదు పటేల్ గారూ. టీకా మాత్రం చెప్పులేసుకుని రాగలిగే చోట ఉండాలి. చెప్పులు విప్పమనే చోటికి కొందరు రారు. కొందరిని మీరే రానివ్వరు" అన్నారావిడ, సూది సరిచూసుకుంటూ.

పటేల్ విసవిసా వెళ్ళిపోయాడు. ఆ పై నెల మాత్రం మనవడిని భుజాన వేసుకుని అదే వరండాకు వచ్చాడు. నేరుగా ముందుకు పోబోతే, "లైన్లో రండి" అన్న మాట వినిపించింది. దళితవాడ పాప వెనక నిలబడి తన వంతు కోసం ఎదురుచూశాడు. లౌకికత్వం అనే మాటను నేను పాఠ్యపుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. దాని అర్థం ఆ వరుసను చూశాకే బోధపడింది.

ఇక నేను చెప్పవలసిన అసలు సంగతి, ఈ వ్యాసం రాయమని మా వదిన పట్టుబట్టిన కారణం, మందుల ఫ్యాక్టరీ గుడి ఉదంతం. మా అన్న వ్యవసాయం దెబ్బతిన్నాక వదిన ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. బిళ్ళలను అట్టల్లో, అట్టలను డబ్బాల్లో సర్దే పొడవాటి హాలు. అందరూ ఆడవాళ్ళే. పక్క విభాగంలో బిళ్ళలకు పూత పూస్తారు. ఆ రసాయనం ఘాటు ఎంతో కొంత ఇటు వస్తూనే ఉంటుంది. వెనక గోడకున్న పెద్ద ఫ్యాన్లు దాన్ని బయటికి లాగేసేవి. ఒక ఏడాది యాజమాన్యానికి ఎవరో వాస్తు పండితుడు సలహా చెప్పాడు. ఫలానా మూలన, సరిగ్గా ఆ వెనక గోడకు ఆనించి, మైసమ్మ గుడి కట్టించమన్నాడు. గుడి లేచింది. అమ్మవారి మీదికి మందు వాసన కొట్టకూడదని ఫ్యాన్లు ఆపి, ఆ రంధ్రాలను ఇటుకలతో పూడ్చేశారు.

ఎండలు ముదిరేసరికి హాల్లో ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు కళ్ళు తిరిగి పడిపోసాగారు. గాలి సోకిందన్నారు. మైసమ్మకు కోపం వచ్చిందన్నారు. బయట చేరిన ఆడవాళ్ళు గుడిని ఆనుకున్న హాల్లో కూర్చోవడమే ఆ కోపానికి కారణమని సూపర్‌వైజర్ తేల్చేశాడు. ఆ రోజుల్లో పనికి రావద్దు, కూలీ ఉండదు. మిగిలినవాళ్ళు మంగళవారం ఉపవాసం ఉండాలి. అయినా పడిపోవడం ఆగలేదు. అప్పుడు కళ్ళన్నీ రజియా వైపు తిరిగాయి. ఆమె వదిన పక్కనే, గోడ వైపు కూర్చునేది. తురకామె అమ్మవారి గోడకు ఆనుకుని కూర్చుంటే అమ్మ ఎట్లా ఓర్చుకుంటుందని ఎవరో అన్నారు. మరునాటి నుంచి రజియాను పనిలోకి రానివ్వలేదు.

ఆ తరువాతి మంగళవారం వదిన పడిపోయింది. ఆటోలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. నాడి చూసి, కనురెప్పలు పైకెత్తి చూసి, ఆవిడ అడగడం మొదలుపెట్టారు.

"పొద్దున్నుంచీ ఏం తిన్నావు?"

"ఉపాసం డాక్టరమ్మా. సూపరైజర్ సారు అందర్ని ఉండుమన్నడు. నాకు గాలి సోకిందట."

"హాల్లో వెనక ఫ్యాన్లు తిరుగుతున్నాయా?"

"లేదు. గుడి కట్టినంక ఆ బొక్కలన్ని ఇటుకలతోని మూసిండ్రు."

డాక్టరమ్మ నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ వదిన వైపు తిరిగారు. "నీకు గాలి సోకలేదు బాలమణీ. గాలి ఆడలేదు."

వదిన గొంతు తగ్గించి రజియా సంగతి చెప్పింది. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. అయినా స్వరం పెంచలేదు. "రజియా ఎప్పుడు మానేసింది?"

"పోయిన వారం బంద్ పెట్టిండ్రు."

"మరి ఇవాళ నువ్వెందుకు పడ్డావు?"

వదిన ఆ ప్రశ్నను ఇంటికి మోసుకుపోయింది. వారం రోజులు మా ఇంట్లో వంట చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా దాన్నే గొణుక్కుంటూ తిరిగింది.

డాక్టరమ్మ ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని కంపెనీ మేనేజర్ దగ్గరికి వెళ్ళారు. ఆయన మర్యాదస్తుడే. "మేడమ్, సైన్సు నేనూ చదువుకున్నాను. కానీ అది గుడి. ముట్టుకుంటే వర్కర్లు గేటు ముందు కూర్చుంటారు. సెంటిమెంట్ అండీ" అన్నాడు.

"ఎవరి సెంటిమెంటు? వాళ్ళని అడిగారా?"

"అడగక్కర్లేదండీ, తెలిసిందే కదా."

"అయితే నేను అడుగుతాను. అంతదాకా ఒక్క పని చెయ్యండి. ఇదే ఆడవాళ్ళని, ఇవే బిళ్ళలతో, ముందువైపు ఖాళీగా ఉన్న హాల్లో వారం రోజులు కూర్చోబెట్టండి. ఎవర్నీ ఇంటికి పంపకండి. ఎవర్నీ పస్తుంచకండి."

మేనేజర్ ఒప్పుకున్నాడు. ఆ వారం ఒక్కరూ పడిపోలేదు. బయట చేరినవాళ్ళూ పని చేశారు, కడుపునిండా తిన్నవాళ్ళూ పని చేశారు. అదే మైసమ్మ, అదే ఆవరణ. మారింది గాలి ఒక్కటే.

ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి ఫిర్యాదు చేసి గోడ పగలగొట్టిద్దామని నేను ఆవేశపడ్డాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. "ఫిర్యాదు రాద్దాం, అదీ అవసరమే. కానీ పై అధికారొచ్చి పగలగొట్టి పోతే, రేపు ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా గుడి కదిపినందుకే అంటారు. ఆ భయంతో వీళ్ళు ఎన్నాళ్ళు బతకాలి? వీళ్ళకి అర్థమై వీళ్ళే తియ్యాలి."

మధ్యాహ్నం తిండి వేళ, గేటు ఎదుట చాయ్ కొట్టు దగ్గర ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. ఊపిరితిత్తుల బొమ్మ గీసి చూపించారు. అందరూ తలూపారు గానీ ఒక పెద్దామె లేచి, "అంత నిజమే డాక్టరమ్మా. అమ్మను కదిలిస్తే మా పిల్లలకేమన్న అయితే?" అన్నది. ఇంకొకరైతే ఆ మాటకు నవ్వేవారేమో. ఆవిడ నవ్వలేదు. "భయమెయ్యడంలో తప్పు లేదమ్మా. ఎవరు చెబితే నీ భయం పోతుంది?" అని అడిగారు. పూజారి ఎల్లయ్య చెప్పాలన్నారు.

ఎల్లయ్య పక్క ఊరి కుమ్మరి. తరతరాలుగా మైసమ్మ పూజ వాళ్ళదే. దేవుడంటే నమ్మకం లేని డాక్టరు, అమ్మవారి పూజారి గుమ్మం ముందు మంచం మీద కూర్చుని, జరిగినదంతా చెప్పారు. ఎల్లయ్య చుట్ట పక్కన పెట్టి విన్నాడు. మరునాడు చాయ్ కొట్టుకు తానే వచ్చాడు.

"అమ్మను ఆ గోడకు ఆనిచ్చి కూసోబెట్టింది వాస్తు సారు. నన్నడిగిండ్రా? మైసమ్మంటే ఆరుబయట ఉండే తల్లి. ఎండకు వానకు చెరువు కట్ట మీద ఉంటది. ఆ సందుల ఇరికిచ్చి ఊపిరాడకుండ చేసిండ్రు. ఆమెనే పరేషాన్ల ఉన్నది, మిమ్ములనేం పరేషాన్ చేస్తది?" అన్నాడు.

ఆడవాళ్ళంతా ఫక్కున నవ్వారు. ఎన్ని వారాల భయమో ఆ నవ్వులో కరిగిపోవడం నేను చూశాను. అమ్మవారిని గేటు పక్క ఖాళీ స్థలంలోకి, ఆకాశం కిందికి మార్చుదామని, బోనాలతో తీసుకుపోదామని నిర్ణయమైంది. అప్పుడు మా వదిన లేచి నిలబడింది. నలుగురిలో నోరెత్తి ఎరగని మనిషి.

"బోనం ఎత్తుదాం. కానీ నాదొక్క మాట. రజియా పనిలకు వచ్చేదాక నేను ఎత్త. నేను పడ్డనాడు ఆమె ఆడ లేనే లేదు. ఆమె మీద నింద అందరి ముంగట వేసిండ్రు, అందరి ముంగటనే తియ్యాలె."

వెనక నుంచి, "నేను గూడ ఎత్త" అని ఒకామె. "నేను గూడ" అని ఇంకొకామె. చూస్తుండగా ఆ గొంతులన్నీ ఒక్కటైపోయాయి. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. నాకు తెలిసి ఆవిడ కళ్ళు చెమర్చింది ఆ ఒక్కసారే.

పనివాళ్ళే అడిగేసరికి మేనేజర్ రెండింటికీ సరేనన్నాడు. కబురు అందిన రజియా, "సూపర్‌వైజర్ మా ఇంటికొచ్చి పిలిస్తేనే వస్త" అన్నది. వెళ్ళాడు, పిలిచాడు. ఆమె తలెత్తుకుని వచ్చి, తన పాత చోటులోనే, మా వదిన పక్కనే కూర్చుంది.

ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం అమ్మవారు కదిలింది. డప్పులు మోగుతుంటే, వేపాకులు కట్టిన బోనాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరారు. కిరాయి గదుల్లోంచి బయటికి వచ్చిన బీహారు కుర్రవాళ్ళు "క్యా హో రహా హై?" అని అడిగితే, "దేవీజీ కా ఘర్ బదల్ రహా హై" అని, అమ్మవారు ఇల్లు మారుతోందని, ఎవరో జవాబిచ్చారు. రజియా బోనం ఎత్తలేదు. ఎవరూ ఎత్తమనలేదు. ఎండలో నడిచేవాళ్ళకు మంచినీళ్ళు పోస్తూ కడదాకా వెంట నడిచింది. డాక్టరమ్మ గొడుగు వేసుకుని, మందుల సంచీ భుజాన తగిలించుకుని మధ్యలో నడిచారు. కొత్త గద్దె దగ్గర సూపర్‌వైజర్ "మొక్కండి మేడమ్" అన్నాడు. "నాకు అలవాటు లేదయ్యా. వీళ్ళతో నడవడానికొచ్చాను" అన్నారు నిమ్మళంగా. ఎల్లయ్య ఆ మాట విని, "ఇంత దూరం నడిచినంక ఇగ మొక్కుడెందుకు, ఊకో" అని సూపర్‌వైజర్‌ను కసిరాడు.

వెనక గోడ ఇటుకలకు మొదటి సుత్తి దెబ్బ మా వదినే వేసింది. ఫ్యాన్లు ఒక్కొక్కటీ తిరగడం మొదలుపెట్టగానే, నెలల తరబడి పేరుకున్న దుమ్ము, ఘాటు ఒక్కసారిగా బయటికి పోటెత్తాయి. ఆడవాళ్ళు చేతులు పైకెత్తి కేరింతలు కొట్టారు. నేను ఎన్నో విజయోత్సవ సభలు చూశాను. అంతటి జయధ్వానం మళ్ళీ వినలేదు.

ఆ తరువాత ఎవరూ పడిపోలేదు. నెలసరి రోజుల్లో ఇంటికి పంపే పద్ధతి ఆగిపోయింది. అమ్మకు కోపం చల్లారిందని మాత్రం కొందరు చెప్పుకుంటూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండి డాక్టరమ్మ దగ్గర ఆ మాట ఎత్తాను. ఆవిడ హాయిగా నవ్వారు. "అనుకోనివ్వవే. ఈసారి ఎవరికైనా కళ్ళు తిరిగితే ముందు ఎటు చూస్తారో చూడు." నిజమే. వదిన ఇప్పుడు ఇంకో కంపెనీలో ఉంది. అక్కడ ఈ వేసవిలో ఒక పిల్లకు కళ్ళు తిరిగితే, దిష్టి తీద్దామన్న మాట ఎవరి నోటా రాలేదట. హాలంతా తలలెత్తి ఫ్యాన్ల వైపు చూసిందట.

ఈ ఉదంతం విని రుద్రారం నుంచి కొందరు కాలేజీ కుర్రవాళ్ళు ఆవిడ దగ్గరికి వచ్చారు. ఊళ్ళలో దేవుళ్ళ బండారం బయటపెడతాం, మీరు ముందుండండి అన్నారు. "బండారం బయటపెట్టడానికి దొంగ స్వాములు చాలామంది ఉన్నారు, పదండి వస్తాను. మొక్కుకునే ముసలమ్మని ఎగతాళి చేస్తే మాత్రం నా గుమ్మం ఎక్కొద్దు. ఎగతాళితో ఎవరికీ జబ్బు తగ్గినట్టు నేను చూడలేదు" అన్నారు. ఆ కుర్రవాళ్ళలో కొందరు మొన్నమొన్నటిదాకా ప్రతి ఆదివారం ఆవిడ గదిలో రక్తపరీక్షలకు సాయం చేశారు. కోపం మాత్రం ఆవిడకు ముక్కు మీదే ఉండేది. పొగిడితే విసుక్కునేవారు. ఈ వ్యాసం బతికుండగా చూపించి ఉంటే సగం కొట్టేసేవారు.

మొన్న ఆవిడ ఇంటి వీధి ఇసుక వేస్తే రాలనంతగా నిండిపోయింది. షిఫ్టు దిగి నేరుగా వచ్చిన ఆడవాళ్ళు, రజియా, కర్ర పట్టుకుని ఎల్లయ్య, ఎదిగిన మనవడిని వెంటబెట్టుకుని మా పటేల్, అందరూ వచ్చారు. తన దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని ఆవిడ ఎప్పుడో చెప్పి ఉంచారు. దహనం లేకుండా ఎలాగని ఒకరిద్దరు బంధువులు నసిగితే, సుభద్ర గారి చెల్లెలు, "అక్క మాటే అక్కకి శాస్త్రం" అని తేల్చిచెప్పారు. "డాక్టరమ్మకు జోహార్" అన్న నినాదాల మధ్య అంబులెన్సు కదిలింది. మేము కొందరం వెనక ఆటోల్లో వెళ్ళాం.

కళాశాలలో ఒక యువ అధ్యాపకురాలు ఎదురువచ్చి, భక్తిగా ఆ దేహాన్ని స్వీకరించింది. బాలమణి వదిన ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది. "మా డాక్టరమ్మతోని ఇగ పిల్లలు చదువుకుంటరా మేడం?"

"అవునమ్మా. మొదటి సంవత్సరం పిల్లలు."

"అయితే మంచిగ చదువుకొమ్మని చెప్పండ్రి. అర్థం కాకుంటే సిగ్గుపడొద్దు, మళ్ళొకపారి అడగమని చెప్పండ్రి. అడిగెటోళ్ళంటేనే ఆమెకు పాణం."

ఆ అధ్యాపకురాలు రెండు చేతులూ జోడించింది. అటువంటి వైద్యురాలు, అటువంటి మనిషి మా ఇలాకాకు మళ్ళీ దొరకదు. ఆ లోటును ఎవరూ పూడ్చలేరు. కానీ ఆవిడను అప్పగించడానికి ఏడుస్తూ వెళ్ళిన మేము, ఆ సాయంత్రం తలలెత్తుకుని తిరిగి వచ్చాం.